అట్టమీద ఎవరి బొమ్మ?

ఉగాది సంచికకే ఒక చరిత్ర వ్యాసం ఇస్తానని మన సంఘం కార్యదర్శి గారికి మాట ఇచ్చి, అప్పటినుంచీ వారికి కనబడకుండా తిరుగుతున్నాను. బద్ధకం వల్ల కాదు. ఈ నాలుగు నెలలూ నేనొక పుస్తకపు అట్టతో కుస్తీ పట్టాను. ఇంటిని చూచి ఇల్లాలిని చూడమన్న సామెత మనకున్నది. పుస్తకాల విషయంలో ఆ ఇల్లు అట్టే. మూడు వందల ప్రతులు వేసే చిన్న పుస్తకానికి అట్ట ఎంచుకోవడం ఏమంత పని అనుకొన్నాను. ఆ పని నన్ను నాలుగు వందల యేళ్ళు వెనక్కు, నాలుగు దేశాలు చుట్టూ తిప్పింది. చివరకు నా క్లినిక్కులోని బల్ల దగ్గరకే తెచ్చి నిలబెట్టింది. ఆ ప్రయాణమే ఈ వ్యాసం.

మొదట పుస్తకం సంగతి. నేను వ్రాసింది కథ కాదు, కవిత్వం కాదు. మనం ఉండే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీకి పక్కనే ముసఫా పారిశ్రామికవాడ ఉన్నదని మీకు వేరే చెప్పనక్కరలేదు. మజ్యద్ మాల్‌లో శుక్రవారం కూరగాయలు కొనుక్కొనే మనకూ, ఆ వాడలో ఇనుము వంచే మనవాళ్ళకూ మధ్య పది నిమిషాల కారు దూరం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు నా దగ్గరకు వస్తుంటారు. ఎండదెబ్బ, మూత్రపిండాల్లో రాళ్ళు, ముప్ఫై యేళ్ళకే రక్తపోటు, ఎవరూ చెప్పక ముదిరిన షుగరు. ఒకే మాటను రోజుకు ఇరవైసార్లు చెప్పే బదులు వ్రాసి చేతికిద్దామని ఆరేళ్ళ అనుభవాన్ని నూట ఇరవై పేజీల్లో తెలుగులో వ్రాశాను. పని తెలియక పెరిగినవాణ్ణి మనం "ఎండకన్నెరుగని" వాడంటాం గదా. అందుకని పుస్తకానికి "ఎండకన్నెరిగిన వాళ్ళు" అని పేరు పెట్టాను.

హైదరాబాదులో ఒక డిజైనరు మూడు అట్టలు వేసి పంపాడు. మొదటిదానిలో ఆకాశాన్నంటే మేడలు, వాటి ముందు స్టెతస్కోపు వేసుకొని నేను. రెండవదానిలో తలకు తువ్వాల చుట్టి, దానిపై హెల్మెట్ పెట్టుకొని, సూర్యుడికి ఎదురుగా నిలబడ్డ కార్మికుడు. ఫోటో వెనుకనుంచి తీసినది, ముఖం కనిపించదు. మూడవదానిలో బొమ్మే లేదు, ఉత్త అక్షరాలు. మొదటిదాన్ని చూచి మా ఆవిడ, "ఏమండీ, ఇది పుస్తకమా, మందుల కంపెనీ కేలండరా?" అన్నది. దానితో అది పోయింది. జగిత్యాలలో ఉన్న మా బాపుకు ఫోను చేస్తే (మా వైపు నాన్నను బాపు అంటాం, చిత్రకారుడు బాపుగారు ముందు ముందు వస్తారు, పాఠకులు తికమక పడవద్దు) ఆయన, "బొమ్మలెందుకు రా? పేరు మంచిగ కనవడితె సాలు" అన్నాడు. మిత్రులందరూ మాత్రం రెండవదానికే ఓటు వేశారు. చూడగానే మనసు కలుక్కుమంటున్నదన్నారు. నేనూ దానినే ఖాయం చేశాను. ఆ తరువాత ఏమయిందో చివర చెబుతాను. ముందు అసలు పుస్తకాలకు ముఖాలు ఎట్లా వచ్చాయో చూద్దాం.

మన తాళపత్ర గ్రంథానికి ముఖం లేదు. గంటంతో వ్రాసిన ఆకులకు చిల్లు పొడిచి, దారం గుచ్చి, పైన ఒకటి క్రింద ఒకటి చెక్కబద్దలు పెట్టి కట్టేవారు. ఆ చెక్కలు ఆకులు విరగకుండా కాపాడడానికే గాని ఎవరినీ పిలవడానికి కాదు. కవి పేరు, తండ్రి పేరు, ఆయన బిరుదులు అన్నీ ఆశ్వాసం చివరి గద్యలో ఉండేవి. అంటే పుస్తకం వ్రాసినదెవరో తెలియాలంటే ఆశ్వాసం పూర్తిగా చదివి రావాలి. ఇవాళ పుస్తకం తెరవకముందే రచయిత పేరు, ఫోటో, డిగ్రీలు కనబడుతున్నాయి. ఏది మర్యాదో మీరే చెప్పండి.

అచ్చు వచ్చిన తరువాత కూడా చాలాకాలం అట్ట రాలేదు. మనబోటి ప్రవాసులు ఆసక్తిగా వినదగిన సంగతి ఒకటున్నది. తెలుగులో మొదటి అచ్చుపుస్తకాలు తెలుగుదేశంలో పుట్టలేదు. మద్రాసులో తెలుగు నేర్చుకొన్న బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతప్రచారకుడు స్వదేశం తిరిగి వెళ్ళి, 1746లో హాలె నగరంలో క్రైస్తవ మత గ్రంథాలను తెలుగు లిపిలో అచ్చు వేయించాడు. అంటే తెలుగు అక్షరం మొదట పరదేశంలోనే సీసంగా మారింది. ఆ రోజుల్లో పుస్తకానికి ముఖమంటే లోపలి మొదటి పుట, అంతే. పైకప్పు కొన్నవాడి బాధ్యత. అచ్చయిన కాగితాలు తెచ్చుకొని, ఎవరి స్తోమతును బట్టి వారు తోలుతోనో బట్టతోనో కట్టించుకొనేవారు.

తెలుగులో "స్వయంగా చూచి స్వయంగా వ్రాసిన" వచన గ్రంథాలకు పెద్దదిక్కు ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చేదాకా, దారిలో చూచిన ఊళ్ళు, ధరలు, నీటి వసతి, రోగాలు అన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి వ్రాస్తూ పోయారు. 1836లో వీరాస్వామయ్య గారు పోయారు. మిత్రుడు ఆ వ్రాతలను 1838లో అచ్చు వేయించాడు. రచయిత తన పుస్తకానికి ముఖం ఎంచుకోలేదు సరికదా, పుస్తకాన్నే చూడలేదు. అయినా 1869లో మళ్ళీ అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు మూడవసారి తెచ్చారు. ఆ పుస్తకాన్ని నిలబెట్టింది ముఖచిత్రం కాదు, లోపలి సరుకు. ఈ ముక్క మా బాపుకు చెబితే ఎంతో సంతోషించాడు.

ఇక వైద్యుణ్ణి గనుక మా వాళ్ళ పుస్తకాల ముఖాలు రెండు చెప్పి తీరాలి. 1543లో బేసెల్ నగరంలో ఆండ్రియాస్ వెసాలియస్ శరీర నిర్మాణం మీద తన మహాగ్రంథాన్ని అచ్చు వేయించాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ గ్రంథపు మొదటి పుట బొమ్మ వైద్యచరిత్రలోకెల్లా ప్రసిద్ధం. చుట్టూ కిక్కిరిసిన జనం, మెట్లమీద విద్యార్థులు, మధ్యలో వెసాలియస్ స్వయంగా శవాన్ని కోసి చూపుతున్నాడు. అంతకుముందు ఆచార్యుడు ఎత్తయిన పీఠం మీద కూర్చొని పాతగ్రంథం చదువుతుంటే, క్రింద మరొకడు కోసేవాడు. "నా చేత్తో నేను చూచిందే వ్రాశాను" అన్నమాటను వెసాలియస్ ఆ ఒక్క బొమ్మతో చెప్పాడు. వైద్య విద్యార్థిగా దానిని చూచినప్పుడు నా కళ్ళు ఆయన మీదనే ఉండేవి. ఈసారి చూచినప్పుడు బల్ల మీద పడుకొన్న మనిషిని చూచాను. ఆమె ఒక స్త్రీ. పొట్ట తెరిచి ఉన్నది. అంతమందిలోనూ ఆమెను అడిగి ఆ బొమ్మలో పెట్టినవాడు లేడు. పుస్తకం ముఖం మీద నాలుగు వందల ఎనభై యేళ్ళుగా ఆమె అట్లాగే ఉన్నది. ఆమె పేరు ఆ పుటలో లేదు.

రెండవది గ్రే గారి అనాటమీ. మన ఇళ్ళలో ఎవరో ఒకరు చదివి ఉంటారు. 1858లో లండన్‌లో వెలువడిన ఆ పుస్తకానికి మాటలు హెన్రీ గ్రేవి, బొమ్మలు హెన్రీ వాండైక్ కార్టర్ అనే యువ వైద్యుడివి. ఆ పుస్తకం అన్నేళ్ళు నిలబడడానికి ఆ బొమ్మలే సగం కారణమని అందరూ ఒప్పుకొంటారు. పేర్లున్న పుట ప్రూఫు వచ్చినప్పుడు, ఇద్దరి పేర్లూ ఒకే సైజులో ఉండడం గ్రేకు నచ్చలేదు. కార్టర్ పేరు చిన్నది చేయమని, ఆయన హోదాను కొట్టివేయమని ప్రూఫు మీదనే దిద్దాడు. పుస్తకం వచ్చేటప్పటికి కార్టర్ ఓడ ఎక్కి బొంబాయి చేరాడు. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఆచార్యుడై, కుష్ఠు, మదురా పాదం వంటి మన దేశపు జబ్బుల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. గ్రే 1861లో మశూచితో చనిపోయాడు. ముఖపత్రం మీద పేరు ఎంత లావున ఉండాలన్న తగాదా ఈనాటిది కాదని చెప్పడానికే ఇదంతా. నా మొదటి అట్టలో నా పేరు పుస్తకం పేరుకంటే లావుగా ఉన్నదని అప్పటికిగాని గమనించలేదు.

పుస్తకాన్ని అట్టతో సహా ప్రచురణకర్తే అమ్మడం పందొమ్మిదో శతాబ్దపు మాట. బట్టతో బైండు చేసిన పుస్తకం దుమ్ముపడకుండా పైన కాగితం చుట్టేవారు. ఇప్పటికి దొరికిన వాటిలో అతి పాతది 1829లో లండన్‌లో వెలువడిన ఒక కానుక పుస్తకం మీదిది. ఇంటికి తెచ్చుకొని ఆ కాగితాన్ని చింపి పారేసేవారు గనుక తక్కినవి మిగలలేదు. ఆ పారేసే కాగితమే క్రమంగా బొమ్మలు వేసుకొని, పుస్తకానికి ముఖమై కూర్చున్నది. 1935లో అలెన్ లేన్ పెంగ్విన్ పుస్తకాలను ఆరు పెన్నీలకు తెచ్చినప్పుడు బొమ్మలు తీసేసి రంగులు పెట్టాడు. నవలకు నారింజ, అపరాధ పరిశోధనకు ఆకుపచ్చ, జీవితచరిత్రకు నీలం. దూరం నుంచి రంగు చూచే అది ఏ జాతి పుస్తకమో తెలిసిపోయేది. 1937లో విజ్ఞాన గ్రంథాలకని లేతనీలం పెలికన్ పుస్తకాలు మొదలయ్యాయి. వాటి తొలి సంపాదకుల్లో మన వి.కె. కృష్ణమీనన్ ఒకరు. జ్ఞానం సామాన్యుడి జేబులోకి దూరాలంటే దాని వేషం ఎట్లా ఉండాలి అన్నది వాళ్ళ ప్రశ్న.

ఆ ప్రశ్న మనవాళ్ళకు అంతకు ముప్ఫై యేళ్ళు ముందే వచ్చింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, మునగాల రాజా గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ప్రభృతులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. 1908లో అది మద్రాసుకు మారింది. కావ్యాలు, పురాణాలు దండిగా ఉన్న తెలుగులో చరిత్ర, పదార్థవిజ్ఞానం, రసాయనం, జీవితచరిత్రలు అచ్చు వేయాలన్నది వారి పట్టుదల. మొదటి పుస్తకం గాడిచర్ల వారు వ్రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర, 1907. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము 1910లో వచ్చింది. మా వృత్తివారైన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు వ్రాసిన జీవశాస్త్రము కూడా ఆ మండలిదే. తెలుగులో సైన్సు చెప్పడానికి మాటలే లేవనే రోజుల్లో ఆయన మాటలు కూర్చుకొంటూ వ్రాశారు. కంప్యూటరు ముందు కూర్చొని "డీహైడ్రేషన్‌కు తెలుగేమిటి" అని గోళ్ళు కొరుక్కొన్నప్పుడల్లా నేను ఆయనను తలచుకొన్నాను.

ఆ కాలపు పుస్తకాల ముఖాలు గంభీరమైనవి. చుట్టూ పూలతీగల చట్రం, మధ్య గ్రంథం పేరు, గ్రంథకర్త పేరు, ముద్రణాలయం, వెల. 1854లో మద్రాసులో వెలసిన వావిళ్ళ వారి గట్టి బైండు పుస్తకాలు చూచినవారికి తెలుస్తుంది: దాని మీద ఆకర్షణ లేదు, నమ్మకం ఉన్నది. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ డబ్బుతో 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని, 1926లో ఆంధ్రగ్రంథమాలను నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పుస్తకాలూ అంతే. పంతులుగారూ మనలాగే పొట్టచేత పట్టుకొని పరప్రాంతం పోయినవారే గదా. సంపాదన బొంబాయిలో, ఖర్చు తెలుగు మీద.

తెలుగు పుస్తకానికి బొమ్మ ముఖాన్ని ఇంటింటికీ తెచ్చింది ముఖ్యంగా ఇద్దరు. ఒకరు వడ్డాది పాపయ్య గారు (1921-1992). చందమామ, యువ ముఖచిత్రాల మీద "వపా" అన్న రెండక్షరాల సంతకం చూచి సంచిక కొన్నవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. రెండవవారు బాపు గారు, అంటే సత్తిరాజు లక్ష్మీనారాయణ గారు (1933-2014). బి.ఎల్. చదివి కోర్టుకు పోకుండా కుంచె పట్టుకొన్నారు. 1960ల నుంచి ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, తరువాత వారి ఇంటింటా గ్రంథాలయం పథకంలో నెలనెలా వచ్చిన పుస్తకాలు ఆయన బొమ్మలతోనే మధ్యతరగతి ఇళ్ళలోకి నడిచివచ్చాయి.

ఇక్కడ అచ్చు సంగతి కొంచెం తెలిస్తే బాపుగారి పని మరింత అర్థమవుతుంది. అప్పటి అచ్చాఫీసుల్లో బొమ్మ వేయాలంటే జింకు బ్లాకు చేయించాలి. దాని వెల చదరపు అంగుళం లెక్కన. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క బ్లాకు, ఒక్కొక్కసారి యంత్రం మీదకు ఎక్కించాలి. నాలుగు రంగులంటే ప్రచురణకర్తకు గుండెదడ. అందుకని రెండు రంగుల్లో, తక్కువ గీతల్లో పని ముగించాలి. పైగా పోత అక్షరాల్లో పెద్ద సైజులు, రకాలు తక్కువ. కాబట్టి పుస్తకం పేరును కూడా చిత్రకారుడే చేత్తో వ్రాయవలసి వచ్చేది. ఈ పేదరికంలోంచే బాపు అక్షరం పుట్టింది. ఆయన దస్తూరీ పెళ్ళి శుభలేఖల దాకా పాకి, చివరకు కంప్యూటరులో ఒక అక్షరాల కుదురై నిలిచింది. గీత తక్కువై భావం ఎక్కువైన ఆ అట్టలను చూచిన తరువాత, నాకు వచ్చిన మేడలూ స్టెతస్కోపుల అట్ట పెళ్ళిపందిట్లో అద్దెకు తెచ్చిన మైకులా కనిపించింది.

మరొక దారి కూడా ఉన్నది. 1953లో విజయవాడలో విశాలాంధ్ర ప్రచురణాలయం, 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్టు వెలిశాయి. చవక వెల, సాదా ముఖం, పనికివచ్చే సరుకు. డేవిడ్ వెర్నర్ మెక్సికో పల్లెల కోసం మొదట స్పానిష్‌లో వ్రాసి, 1977లో ఇంగ్లీషులో వచ్చిన "వేర్ దేర్ ఈజ్ నో డాక్టర్" అన్న ప్రసిద్ధ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది బుక్ ట్రస్టువారే. ఆ గ్రంథంలో ఒక తమాషా ఉన్నది. ఇంగ్లీషు ప్రతిలో గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు చెప్పే మాటలు గోధుమరంగు పుటల్లో, మందుల మోతాదులు ఆకుపచ్చ పుటల్లో, కొత్త సమాచారం నీలం పుటల్లో ఉంటాయి. అక్కరపడ్డప్పుడు చదువు తక్కువవాడు కూడా రంగు పట్టుకొని పుట తీయగలడు. రంగు అందానికి కాదు, పనికి. ఈ మాట నా మనసులో నాటుకొన్నది. దాని ఫలితం ముందు చూస్తారు.

ప్రవాసుల పుస్తకాలకు వస్తే, లండన్‌లో ఉన్న గూటాల కృష్ణమూర్తి గారు 1981లో చేసిన పని చెప్పుకోవాలి. 1950లో తొలిసారి పుస్తకమైన శ్రీశ్రీ మహాప్రస్థానాన్ని, ఆయన స్వంత దస్తూరీతోనే అచ్చు వేయించి, ఆయన గొంతుతో చదివిన క్యాసెట్టును జత చేసి విడుదల చేశారు. తెలుగు పోత అక్షరాలు సులువుగా దొరకని దేశంలో కవి చేతివ్రాతనే పుస్తకానికి ముఖమూ ఒళ్ళూ చేశారన్నమాట. లేమిని అందంగా మార్చుకోవడం ప్రవాసికి తప్పని విద్య.

ఈ రోజు మనకు ఆ లేమి లేదు. 2010 తరువాతి సంవత్సరాల్లో కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర వారి పూనికతో పెద్దన, తిమ్మన, సూరన్న, ధూర్జటి, గిడుగు, సురవరం అన్న పేర్లతో తెలుగు అక్షరాల కుదుళ్ళు ఉచితంగా వచ్చాయి. కవుల పేర్లు చివరి గద్యలోంచి లేచి అక్షరాలకే పేర్లయ్యాయి. అయినా తిప్పలు పోలేదు. ఇక్కడ ఒక చిన్న ప్రింటింగ్ షాపులో నమూనా తీయిస్తే "కన్నెరిగిన"లోని న-వత్తు ఊడి పక్కన కూర్చున్నది. షాపు అబ్బాయికి తెలుగు రాదు. "బాగానే ఉంది గదా సార్, అక్షరాలన్నీ ఉన్నాయి" అన్నాడు. అక్షరాలన్నీ ఉన్నాయి, నిజమే. శవపరీక్షలో అవయవాలన్నీ ఉన్నట్లు.

ఇక మొదట ఆపిన కథ.

రెండవ అట్టనే ఖాయం చేశానన్నాను. లోపలి పుటల కంటే ముందే హైదరాబాదులో మూడు వందల అట్టలు అచ్చయ్యాయి. పది ప్రతులు నాకు వచ్చాయి. ఒకదానిని క్లినిక్కులో బల్ల మీద పెట్టుకొన్నాను. ఆ ఫోటో నేను తీసినదే. సిరిసిల్ల వైపు కుర్రవాడు, ఎండదెబ్బతో వచ్చి రెండు సెలైన్లు ఎక్కించుకొని కోలుకొన్నాడు. మరునాడు అతను పనికి పోతుంటే, "ఒక ఫోటో తీసుకొంటాను, పుస్తకానికి" అంటే "సరే సార్" అన్నాడు. అడిగే తీశాను గదా అని నా ధీమా.

మూడు నెలల తరువాత అతను దగ్గుతో వచ్చాడు. బల్ల మీది అట్టను చూచి చాలాసేపు మాట్లాడలేదు.

"సార్, గీ అట్ట మీద ఉన్నది నేనే గద?"

"అవును తమ్మీ. ముఖం కనిపించదు గదా."

"ముఖం కనవడకున్నా మా అమ్మ గుర్తువడ్తది సార్. ఆ తువ్వాల ఆమె ఇచ్చిందే."

"గుర్తుపడితే ఏమయింది?"

అతను తల దించుకొని చెప్పాడు. "ఇంటికాడ ఆఫీసుల పని అని చెప్పిన సార్. ఏసీల కూసుంటనని చెప్పిన. నాలుగేండ్ల సంది గదే చెప్తున్న. గిది చూస్తె ఆమె అన్నం తినది."

నాకు నోట మాట రాలేదు. పుస్తకం వ్రాసిందే అతని బోటివాళ్ళు ఊరికి తీసుకొనిపోయి చదువుకోవాలని. అట్ట మీద అతన్ని వేసి, అదే పుస్తకాన్ని అతను ఊరికి తీసుకుపోలేనట్లు చేశాను. మిత్రులకు మనసు కలుక్కుమన్న ఆ బొమ్మ ఎవరికోసం? కొని, చదవకుండా అలమరలో పెట్టుకొనే మనకోసం. ఎండలో నిలబడ్డవాడికి తాను ఎండలో నిలబడ్డానని బొమ్మ వేసి చెప్పాలా?

అతను "సరే" అన్న మాటను కూడా మళ్ళీ తూచి చూచుకొన్నాను. ముందురోజు సెలైను ఎక్కించిన డాక్టరు అడిగితే, పరదేశంలో, ఏ కుర్రవాడు కాదంటాడు? అది అంగీకారం కాదు, మర్యాద. వెసాలియస్ ముఖపత్రంలో బల్ల మీది స్త్రీ అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆయన మధ్యలో నిలబడి జనానికి ముఖం చూపిస్తున్నాడు, ఆమె పడుకొని ఉన్నది. నేనూ చేసింది అదే. కాకపోతే నా మనిషి బ్రతికి ఉన్నాడు, వచ్చి అడిగాడు.

ఆ రాత్రే అచ్చాఫీసుకు ఫోను చేసి అట్టలన్నీ ముక్కలు చేయించమన్నాను. "డబ్బు దండగ సార్, లోపల పేజీలో క్షమాపణ వేస్తే సరిపోతుంది" అని వారు సలహా ఇచ్చారు. క్షమాపణ చదివేది నేను తెలియనివాళ్ళు. బొమ్మ చూచేది అతని తల్లి. డబ్బు రెండోసారి కట్టాను. నా దగ్గరి పది ప్రతులనూ అతని ముందే చింపాను. "అయ్యో సార్, అంత పని ఎందుకు" అని అతనే నొచ్చుకొన్నాడు.

సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రచురించారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమతి దానికే. రాజుల వంశావళులు ప్రక్కనపెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలాడారు, ఏ నమ్మకాలతో బ్రతికారు అని వెదికి వ్రాసిన గ్రంథమది. సామాన్యుణ్ణి గౌరవించడమంటే అతని బొమ్మను ముందు నిలబెట్టడం కాదనీ, అతని సంగతులు శ్రద్ధగా లోపల వ్రాయడమనీ ఆ పుస్తకం చెబుతున్నట్లు నాకు తోచింది. అందుకే నా పుస్తకం పేరును సురవరం పేరుగల అక్షరాల్లోనే వేయించాను. ముందుపక్క ఇటుకరంగు నేల మీద తెల్లటి అక్షరాలు, అంతే. బొమ్మ లేదు. నా పేరు అడుగున, చిన్నగా. డిగ్రీలు లేవు. అవి కావలసినవారు చివరి పుటకు పోవచ్చు, మన పూర్వకవుల గద్యలాగా. మా బాపు ఇదంతా విని, "నేను ముందే చెప్పిన గద రా" అన్నాడు. నిజమే, ముందే చెప్పాడు.

వెనుక అట్టకు మాత్రం పని పెట్టాను. మనం బడిలో వాడిన నోటుబుక్కుల వెనుక ఎక్కాలు ఉండేవి గుర్తున్నదా? ఆ పద్ధతిలో అయిదు రంగుల గళ్ళు వేయించాను. మూత్రం రంగు ఆ గళ్ళతో పోల్చి చూచుకోవాలి. నిమ్మరసం కలిపిన నీళ్ళలా లేతగా ఉంటే మంచిది. పసుపు ముదిరేకొద్దీ నీళ్ళు తాగాలి. టీ డికాక్షన్ రంగుకు వస్తే పని ఆపి వెంటనే డాక్టరు దగ్గరకు పోవాలి. బి-కాంప్లెక్సు మాత్రలు వేసుకొంటే ఊరికే పచ్చగా వస్తుంది, భయపడవద్దు అని క్రింద ఒక ముక్క. అక్షరం రానివాడికి కూడా ఆ అట్ట పనికివస్తుంది. ఎమిరేట్స్‌లో వేసవి మధ్యాహ్నం ఆరుబయట పని ఆపే నియమం 2005లో మొదలైంది. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు అమలులో ఉన్నది. ఆ నియమాన్ని కూడా వెనుక అట్ట మీదనే వేశాను.

ఈ పుస్తకాలు గత నెల వచ్చాయి. సిరిసిల్ల కుర్రవాడు రెండు ప్రతులు తీసుకొన్నాడు. ఒకటి గదిలో గోడకు, వెనుకపక్క కనబడేటట్లు వేలాడదీశారట. రెండవది ఏం చేశాడో నేను అడగలేదు.

చివరగా మన సభ్యులకు రెండు మనవులు. మొదటిది: వేసవి సెలవుల్లో ఊరికి పోయేవారు ఈ పుస్తకం అయిదేసి ప్రతులు తీసుకుపోయి, గల్ఫుకు బయలుదేరబోయే కుర్రవాళ్ళ చేతుల్లో పెట్టండి. వెల లేదు. రెండవది చరిత్రకు సంబంధించినది. పాత పుస్తకాలు బైండు చేయించేటప్పుడు బైండరు మొదట చేసే పని అసలు అట్టను పీకి పారేయడం. గ్రంథాలయాల్లో కూడా ఇదే జరుగుతూ వచ్చింది. అందుకే ఎంత గొప్ప పుస్తకానికైనా దాని మొదటి ముఖం ఎట్లా ఉండేదో ఇవాళ చూడడం కష్టమవుతున్నది. మీ ఇంట్లో అమ్మమ్మ పెట్టెలోనో, తాతగారి బీరువాలోనో పాత తెలుగు పుస్తకాలు ఉంటే అట్టలు చింపనీయకండి. చినిగినా సరే, లోపల పెట్టి కుట్టించండి. ఆ అట్ట మీద ఎవరి పేరు ఎంత లావున ఉన్నదో, ఎవరి బొమ్మ ఉన్నదో, ఎవరిని అడిగి వేశారో రేపు ఎవరైనా చూడాలి గదా.